చిన్నత్త పెదవి కింద మచ్చ

పోయిన నెల ఒక సాయంత్రం మా మనవరాలు వేణువు క్లాసు నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ తల ఎత్తింది. వీధి వెలుతురులో దాని కింది పెదవి కింద ఒక చిన్న ఎర్రటి గీత కనబడింది. ఆ క్లాసులో దాన్ని చేర్పించింది నేనే. వారానికి రెండు రోజులు అక్కడికే పోయి వస్తోందని నాకు తెలుసు. అయినా నా నోరు నన్ను అడక్కుండానే అనేసింది.

"యాడికి పోయొచ్చినావు? ఏందది మూతి మీద?"

పద్నాలుగేళ్ల పిల్ల. నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. "క్లాసుకే అవ్వా," అని లోపలికి పోయి గది తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వేయలేదు. మెల్లగా గడియ పెట్టుకుంది.

ఇందిరా నగర్‌లో మా ముందు గదిలో నేను అలాగే కూర్చుండిపోయాను. ఆ గొంతు నాది కాదు. మా అవ్వది. ఆమె పోయి ఎన్నేళ్లయిందో లెక్క కూడా మరిచిపోయాను, ఆమె గొంతు మాత్రం నా నోట్లో చెక్కు చెదరకుండా ఉంది.

మేం తరతరాలుగా పుదుచ్చేరిలో ఉండిపోయిన తెలుగువాళ్లం. మా ఇంట్లో తెలుగు నోటి వరకే ఉండేది, కాగితం మీదికి వచ్చేది కాదు. అక్షరాలు నేను పెళ్లయి నెల్లూరు వైపు పోయాకే నేర్చుకున్నాను. ఆయన రిటైరయ్యాక మళ్లీ ఈ ఊరే వచ్చాం. ఆ సాయంత్రం మనవరాలి గది తలుపు చూస్తూ కూర్చున్నప్పుడు, నా చిన్నప్పటి ఒక వేసవి సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. అది తెలిసినవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందుకే రాస్తున్నాను.

అప్పుడు మాది రెడ్డియార్‌పాళయంలో పెద్ద ఇల్లు. ఇప్పుడు అక్కడ వరసగా అంగళ్లు, వాటి ముందు నిలబెట్టిన బండ్లు. అప్పుడు వీధి వైపు రెండు అరుగులు, వెనక వేరుశనగ చేను, చేను చివర నీళ్లు తోడే మోటారు కొట్టు ఉండేవి. వేసవి సెలవుల్లో ఆ ఇంటికొక వాసన ఉండేది. మిద్దె మీద ఎండే వడియాల పులుపు, మజ్జిగలో ఊరి ఎండిన మిరపకాయలు నూనెలో వేగే ఘాటు, మూల గదిలో గడ్డి మీద పరిచిన మామిడికాయలు ఒకటొకటే మాగుతున్న తీపి. మధ్యాహ్నం పెద్దవాళ్లు చల్లటి నేల మీద వాలగానే నేను మూల గదిలోకి దూరేదాన్ని. మెత్తబడ్డ కాయ వెతికి, తొడిమ దగ్గర కొరికి, రసమంతా పీల్చి, ఖాళీ తోలును బోర్లా పెట్టి వచ్చేదాన్ని.

మా అవ్వకు తెలిసిపోయేది. ఆమెకు అన్నీ తెలిసిపోయేవి. తనకు తెలియనివి ఇంకా ఏమైనా ఉన్నాయేమోనని మళ్లీ అనుమానం. పాలవాడు చెంబు దించగానే వేలు ముంచి, గోటి మీద బొట్టు నిలుస్తుందా జారుతుందా అని చూసేది. ఊరగాయ జాడీ మూత చుట్టూ విభూతితో గీత గీసేది, ఎవరైనా తెరిస్తే గీత చెదురుతుందని. మా అమ్మకు పుట్టింటి నుంచి ఉత్తరం వస్తే, తనకు చదవడం రాకపోయినా కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసేది. "ఏమో, ఎవురు చూసినారు?" అనేది ఆమె ఊతపదం. నవ్వుతూ అన్నా సరే, ఆ మాట వింటే మేం చేతులు వెనక్కి దాచుకునేవాళ్లం.

మా నాయన చెల్లెలు, నాకు చిన్నత్త, అప్పటికి ఇరవై నిండని పిల్ల. సన్నగా, పొడుగ్గా ఉండేది. తక్కువ మాట్లాడేది. విల్లియనూరు నుంచి ఒక సంబంధం మాటల్లో ఉంది. పెళ్లికి ముందు కాస్త కుట్టు, ఎంబ్రాయిడరీ వస్తే మంచిదని తాత ఆమెను టౌనులో సిస్టర్లు నడిపే కుట్టు క్లాసుకు పంపుతున్నాడు. మధ్యాహ్నం బస్సుకు పోయి పొద్దు వాలేసరికి వచ్చేది.

సెలవులు మొదలైన వారానికి అవ్వ నన్ను వంటింటి వెనక్కి పిలిచి, ఒక తాటిబెల్లం ముక్క నోట్లో పెట్టింది.

"మబ్బేసిన దినం గూడ దానికి గొడుగెందుకు మే?" అంది.

నాకేం తెలుసు? బెల్లం చప్పరిస్తూ నిలబడ్డాను.

"ఆ గొడుగు ఒక్కనాడు తెరిచి పట్టుకున్నింది నేను చూడలా. చంకలో పెట్టుకోని పోతాది, చంకలో పెట్టుకోని వస్తాది. వచ్చినాక నీళ్లు గూడ తాగకుండా ముందు మొకం కడుక్కుంటాది. రేపట్నుంచి నువ్వు గూడ పో. సూదికి దారం ఎక్కించేది నేర్చుకుందువు. అది యాడికి పోతాది, ఎవురితో మాట్లాడతాది, అంతా చూసొచ్చి నాకు చెప్పాల. మీ అమ్మకు చెప్పబాక."

ఆ మరుసటి రోజు నన్ను వెంట తీసుకుపొమ్మని అవ్వ చెప్పినప్పుడు చిన్నత్త గొడుగు చంకలో పెట్టుకుని ముందు నడిచింది. బస్సులో నా పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తూ, ఉన్నట్టుండి అడిగింది.

"అవ్వ నీకేమిచ్చింది?"

"ఏమీ ఈలా."

"నోరు తెరువు."

తెరిచాను. వంగి వాసన చూసింది. "తాటిబెల్లం," అని మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

మూడు రోజులు ఆమె కుట్టు క్లాసులోంచి కదల్లేదు. తలగడ గలీబు మీద నీలం పువ్వులు కుట్టింది. నేను ఆమె పక్కన కూర్చుని సూదికి దారం ఎక్కించాను. ఇంటికి వచ్చి అవ్వతో "పువ్వులు కుట్టింది," అని చెప్పి బెల్లం తీసుకున్నాను. అవ్వ నమ్మలేదు. నాకూ నమ్మకం లేదు. చిన్నత్త మాటిమాటికీ కిటికీ వైపు చెవి పెట్టి దేనికోసమో వింటోందని నేను గమనించాను. ఆ సంగతి అవ్వకు చెప్పలేదు. అప్పటికే నేనూ ఒకటి దాచుకోవడం మొదలుపెట్టానన్నమాట.

నాలుగో రోజు ఆమె సిస్టరుతో తలనొప్పి అని చెప్పి లేచింది. నా చెయ్యి పట్టుకుని పక్క వీధిలోకి నడిచింది. ఒక ఇంటి ముందు ఆగి నా ఎదురుగా వంగింది.

"ఇప్పుడు నువ్వు చూసేది అవ్వకు చెప్తే చచ్చిపోతాననను. అట్లా బెదిరించను. నీతో మాట్లాడను, అంతే."

చచ్చిపోతానన్నా నాకు అంత భయం వేసేది కాదు.

ఆ ఇల్లు చిన్నది, పెంకుటిల్లు. గోడలకు పాత పసుపు సున్నం. లోపలికి పోగానే నువ్వుల నూనె వాసన కొట్టింది. దాంతో పాటు వెనక వీధిలో రొట్టెలు కాల్చే బట్టీ వాసన. చాప మీద ఒక పెద్దావిడ కూర్చుని, పొడుగాటి పుల్లకు గుడ్డ చుట్టి, నూనెలో ముంచి, ఒక వేణువు లోపల తుడుస్తోంది. తల పూర్తిగా నెరిసింది. పళ్లు మాత్రం ఒక్కటి కూడా ఊడలేదు. ఆమె తమిళావిడ, తమిళంలోనే మాట్లాడేది. ఆ మాటలను నాకొచ్చిన తెలుగులో రాస్తున్నాను. చిన్నత్త ఆమెను టీచరమ్మ అని పిలిచేది. నేనూ అలాగే పిలిచాను.

టీచరమ్మ నన్ను పై నుంచి కింది దాకా చూసింది. "ఎవరీ పిల్ల? ఎవరు పంపారు?"

"మా అన్న కూతురు. చెప్పదు."

"అడగనంత వరకు ఎవరూ చెప్పరు," అంది టీచరమ్మ.

చిన్నత్త గొడుగు గుండీ తీసి తలకిందులుగా పట్టుకుంది. ముడతల్లోంచి ఒక వెదురు వేణువు జారి ఆమె చేతిలో పడింది.

తర్వాత తెలిసింది సంగతి. కుట్టు క్లాసు కిటికీలోంచి రోజూ వేణువు వినిపించేదట. ఎవరో మగాయన అనుకుందట చిన్నత్త. నెల రోజులు విన్నాక ఒకనాడు ఆ నాదం వెంట నడుచుకుంటూ పోతే, తలుపు తీసింది ఈవిడట. నేర్పుతారా అని అడిగితే, "మీ ఇంట్లో తెలుసా?" అని అడిగిందట. తెలియదంటే, "అయితే లోపలికి రా, తలుపు వేసెయ్," అందట.

టీచరమ్మ జీతం తీసుకునేది కాదు. ఆమెకు కావలసింది వేరే. ఆమె దగ్గర ఒక పాత నోటు పుస్తకం ఉండేది. అందులో వాళ్ల నాయన రాసిపెట్టిన పాటలన్నీ తెలుగు పాటలే, కాని తమిళ అక్షరాల్లో ఉండేవి. పుట్టినప్పటి నుంచి అవే వాయించింది, అర్థం మాత్రం తెలియదు. ఆమె ఒక్కో మాటా చదివేది, చిన్నత్త వినేది. "పాట కట్టినాయన ఇక్కడ దేవుణ్ణి తిడతా ఉండాడు," అని చెబితే టీచరమ్మ ఆశ్చర్యపోయేది. "తిడుతున్నాడా? నేను ఇన్నాళ్లూ బతిమాలుతున్నాడనుకుని మెత్తగా వాయించానే!" అని వేణువు తీసుకుని, అదే పాట గట్టిగా ఊదేది. ముగ్గురమూ నవ్వేవాళ్లం.

ఆమె తండ్రి వేణువు విద్వాంసుడట. కొడుక్కి నేర్పాలనుకుంటే కొడుకు పారిపోయేవాడు. పక్కన కూర్చున్న కూతురికి వచ్చేసింది. "పాడమనేవాళ్లు. వీణ అయితే సరేననేవాళ్లు. వేణువు వద్దనేవాళ్లు," అని చెప్పింది ఒకరోజు. "ఆడది నలుగురిలో కూర్చుని మూతి వంకర పెట్టి ఊదితే బాగుండదంట. ఊపిరంతా పోతే కడుపు పండదంట. దేవుడి చేతిలోది ఆడదాని నోటికెందుకని ఒకాయన అన్నాడు. ఆయన ముగ్గురు ఆడపిల్లల తండ్రి."

చిన్నత్త ఇంకా కొత్త. ఎక్కువగా ఒకే స్వరం ఊదేది. వేణువును పెదవి కిందికి గట్టిగా నొక్కేది. ఎండాకాలం ఎండి బిగిసిన వెదురు, దాని అంచు చర్మంలో దిగేది. "నొక్కొద్దు. ఆనించు చాలు. అదేమీ పారిపోదు," అని టీచరమ్మ రోజూ తిట్టేది. పారిపోతుందనే భయం చిన్నత్తకు ఉండేదనుకుంటాను.

నేను ఆ వేసవిలో అబద్ధాలు బాగా నేర్చాను. అవ్వకు నీలం పువ్వుల తర్వాత ఎర్ర పువ్వులు చెప్పాను, తర్వాత ఆకులు. చిన్నత్త నాకు దోవలో రొట్టె కొనిచ్చేది, అవ్వ బెల్లం పెట్టేది. ఇంట్లో చిన్నత్త మోటారు కొట్టులో ఊదేది. చేనుకు నీళ్లు పెట్టేటప్పుడు మోటారు మోతలో ఏమీ వినిపించదు. నేను బయట కాపలా కూర్చుని వేరుశనగ కాయలు పీకి పచ్చివే తినేదాన్ని. "మోటారు కొట్టులో దానికేం పని?" అని అవ్వ అడిగింది. "చల్లంగా ఉంటాది," అన్నాను. అవ్వ నా కళ్లలోకి చాలాసేపు చూసింది.

విల్లియనూరు వాళ్లు శుక్రవారం పిల్లను చూడడానికి వస్తామని కబురు పెట్టారు. ఆ వారం మొదట్లో అవ్వ చిన్నత్తకు తలంటు పోయడానికి పీట వేసింది. ముఖానికి పసుపు రాస్తూ రాస్తూ చెయ్యి ఆపింది. తడి తుడిచింది. గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

కింది పెదవి కింద వంపు తిరిగిన ఎర్రటి మచ్చ. లోపల కాస్త చిట్లి ఉంది.

అవ్వ అరవలేదు. నీళ్లు పోసి, తల తుడిచి, సాంబ్రాణి పొగ వేసి, ఆమెను లోపలికి పంపేసింది. తర్వాత నన్ను పిలిచింది. ఈసారి చేతిలో బెల్లం లేదు.

"దాని మూతి ఎవురు కొరికినారు?"

"సూది... సూది గుచ్చుకున్నింది."

"సూది గుచ్చితే సుక్క పడతాది. అది పంటి గాటు. ఎవురు?"

నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. మనిషి మూతి ఇంకో మనిషి ఎందుకు కొరుకుతాడు? నేను ఏడ్చాను. అవ్వకు అదే జవాబు అయింది.

తాత మంచివాడు. కచేరీలంటే ప్రాణం. చుట్టుపక్కల ఏ గుడిలో ఉత్సవం జరిగినా వాయించేవాళ్ల ఎదురుగా మొదటి వరసలో కూర్చునేవాడు. ఆ రోజు ఇంటి చావడిలో చిన్నత్తను నిలబెట్టి గొంతు పెంచకుండా అడిగాడు. అడిగిన రెండోసారికే ఆమె నిజం చెప్పేసింది. వీధి చెప్పింది, ఇంటి గుర్తులు చెప్పింది.

"పిల్లంగోవా?" అన్నాడు తాత. ఆయనకు నవ్వు కూడా వచ్చింది. "ఆడదాని దగ్గరా? పుదుచ్చేరిలో పిల్లంగోవి వాయించే ఆడది ఉంటే నాకు తెలవదా?"

"సాకులు ఎట్ల వచ్చినాయో చూడండి," అంది అవ్వ.

తాత చొక్కా వేసుకుని, నా వేలు పట్టుకుని, బస్సెక్కాడు.

టీచరమ్మ తలుపు సగమే తెరిచింది. ఆ సందులో అడ్డంగా నిలబడింది. తాత చాలా మర్యాదగా అడిగాడు. "అమ్మా, మా అమ్మాయి మీ దగ్గరికి వేణువు నేర్చుకునేదానికి వస్తుందంట. నిజమేనా?"

టీచరమ్మ ఆయన తెల్లచొక్కా చూసింది, భుజం మీది కండువా చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆమె ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

"ఇక్కడికి ఏ అమ్మాయీ రాదండీ," అంది. "నేను వాయించడం మానేసి చాలా కాలమైంది."

తాత నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఈ ఇల్లేనా?"

ఆ క్షణం ఇప్పటికీ నాకు నిన్నటిలాగే ఉంది. లోపలి నుంచి నువ్వుల నూనె వాసన వస్తోంది. టీచరమ్మ కళ్లు నా మీదే ఉన్నాయి, చెప్పొద్దంటున్నాయి. చిన్నత్త నాతో మాట్లాడనన్నది గుర్తొచ్చింది. పెద్దవాళ్లిద్దరూ కలిసి ఏదో ఉపాయం పన్నారని, నేను దాన్ని చెడగొట్టకూడదని అనుకున్నాను.

"కాదేమో తాతా," అన్నాను.

బస్సులో తాత నా వేలు పట్టుకోలేదు.

ఇంటికి వచ్చి, ఆవిడ కాదన్నదని తాత చెప్పగానే చిన్నత్త పరుగెత్తి పోయి గొడుగు తెచ్చింది, వేణువు తీసి చూపించింది. "అట్లయితే ఇది ఏంది? ఇది యాడిది?"

"అంగట్లో కొంటే దొరకదా?" అంది అవ్వ.

తాత కుర్చీలో కూర్చుని చెయ్యి ఊపాడు. "సరే. నేర్చుకున్నానంటివే. ఊదు, విందాం."

చిన్నత్త చావడి మధ్యలో కూర్చుంది. వేణువు ఎత్తింది. నేను ఆమెకు జానెడు దూరంలో ఉన్నాను. ఆమె ఊదింది. గాలి వచ్చింది, నాదం రాలేదు. మళ్లీ ఊదింది. పొయ్యి ఊదినట్టు ఉత్త గాలి. మూడోసారి వేణువును పెదవి దగ్గర పెట్టుకుని, అలాగే ఉండిపోయి, కిందికి దించేసింది.

"చాలు, లెయ్యి," అన్నాడు తాత. ఆయన గొంతులో కోపం లేదు. అది ఇంకా భయంగా ఉండింది. విల్లియనూరు వాళ్లకు రావద్దని కబురు పంపమని అవ్వతో చెప్పాడు. చిన్నత్తను మామిడికాయల గదిలో పెట్టి బయట గొళ్లెం వేశారు. మా నాయన లేచి పోయి అరుగు మీద కూర్చున్నాడు.

మరునాడు పొద్దున బావి దగ్గర బట్టలుతుకుతున్న మా అమ్మ దగ్గరికి పోయి అంతా చెప్పేశాను. బెల్లం, రొట్టె, గొడుగు, మోటారు కొట్టు, "కాదేమో" అన్న మాట, అన్నీ. అమ్మ ఉతుకుతూనే వింది. విన్నాక సబ్బు చేత్తోనే నా చెంప మీద ఒకటి ఇచ్చింది. తర్వాత పోయి చీర మార్చుకుంది.

"పన్ను నొస్తా ఉంది అత్తమ్మా, ఆస్పత్రికి పోయొస్తాను," అంది అవ్వతో.

"ఏ పన్ను? చూపీ," అంది అవ్వ.

అమ్మ నోరు తెరిచి ఒక పన్ను చూపించింది. మంచి పన్ను. అవ్వ దాన్ని చూసింది, అమ్మను చూసింది. ఎందుకో పోనిచ్చింది. మా అమ్మ ఒంటరిగా టౌనుకు పోవడం అదే మొదటిసారి.

పొద్దెక్కేసరికి వీధిలో సైకిల్ రిక్షా ఆగింది. అమ్మ ముందు దిగి చెయ్యందిస్తే టీచరమ్మ దిగింది. చంకలో గుడ్డ సంచి. అరుగుల మీద ఉన్నవాళ్లంతా లేచి చూశారు. ఆమె ఎవరినీ చూడకుండా నేరుగా చావడిలోకి వచ్చి తాత ఎదురుగా నిలబడింది.

"నిన్న నేను అబద్ధం చెప్పాను," అంది. "మీ అమ్మాయి ఆరు నెలలుగా నా దగ్గరికే వస్తోంది."

"నిన్న అబద్ధమైతే ఈరోజు నిజమని ఎట్ల నమ్మేది?" అంది అవ్వ తలుపు చాటు నుంచి.

"ఇంతకు ముందు ఒక పిల్ల వచ్చేదండీ. వాళ్ల నాయనా మీలాగే మర్యాదగా వచ్చి అడిగాడు. అవునన్నాను. ఆ పిల్లను నా వాకిట్లోనే కొట్టాడు. వేణువు కాలితో తొక్కాడు. నిన్న మిమ్మల్ని చూస్తే ఆయనే వచ్చాడనిపించింది."

అని, నన్ను దగ్గరికి పిలిచింది. సంచిలోంచి వేణువు తీసి నా కింది పెదవి కింద పెట్టి గట్టిగా నొక్కి పట్టింది. నొప్పి పుట్టి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత నా గడ్డం పట్టుకుని అవ్వ వైపు తిప్పింది. "చూడండమ్మా. ఇదే కదా ఆ మచ్చ?"

అవ్వ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. నా మూతి మీద వేలితో తడిమి చూసింది. గది గొళ్లెం తీసి చిన్నత్తను బయటికి తెచ్చి, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూసింది. చాలాసేపు చూసింది. మొదటిసారి ఆమె నోట "ఎవురు చూసినారు" అన్న మాట రాలేదు.

తాత మాత్రం ఇంకా టీచరమ్మనే చూస్తున్నాడు. "మీరు నిజంగా వాయిస్తారా?"

టీచరమ్మ నేల మీద కూర్చుని వాయించింది. ఎంతసేపో నాకు తెలియదు. వీధిలో మాటలు ఆగిపోయాయి. తాత కుర్చీలోంచి ముందుకు వంగాడు, తొడ మీద తాళం వేయబోయిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"ఇది ఎవరి బాణీ?" అన్నాడు.

ఆమె వాళ్ల నాయన పేరు చెప్పింది. తాత ముఖం వెలిగింది. "నేను విన్నాను! విల్లియనూరు ఉత్సవంలో. ముసలాయన. ఆ వయసులో ఆ ఊపిరి చూసి మేమంతా దండం పెట్టినాం."

"అప్పటికి నాయనకు ఊపిరి లేదండీ. గుండె జబ్బు. వెనక స్తంభం చాటున తోడుగా ఒక పిల్ల కూర్చుని ఉండింది, గుర్తుందా? నాయన పెదవి దగ్గర పెట్టుకున్నాడు. ఊదింది నేను."

తాత కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన పొంగిపోతాడనుకున్నాను. పొంగలేదు. ముఖం మెల్లగా ముడుచుకుపోయింది.

"అయితే ఆ దినం మమ్మల్ని మోసం చేసినారు," అన్నాడు.

"నేనని చెప్పుంటే కూర్చుని వినేవాళ్లా?"

అమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఏ లోటాలో ఇచ్చిందో అవ్వ కళ్లు అటు పోయాయి. టీచరమ్మ అది చూసి, ఒక్క గుక్క తాగి కింద పెట్టింది.

చివరికి తాత అన్నాడు, "మా పిల్ల తప్పు చేయలేదని మీరు వచ్చి చెప్పినారు. మేలు చేసినారు. అయినా నిన్న ఒక అబద్ధం, ఆ పొద్దు ఉత్సవంలో ఒక అబద్ధం, ఇంట్లో ఆరు నెలల అబద్ధం. దాచుకోని చేసే విద్య మా ఇంటికి వద్దు."

దాచుకోకుండా చేసే దోవ ఎక్కడుందో ఆయన చెప్పలేదు. ఎవరూ అడగలేదు. చిన్నత్త లేచి తన వేణువు తెచ్చి టీచరమ్మ సంచిలో పెట్టింది. టీచరమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టి, "ఆ తిట్టే పాటను నేను ఇంక మెత్తగా వాయించనులే," అంది. రిక్షా ఎక్కి పోయింది. ఆమెను మేం మళ్లీ చూడలేదు.

విల్లియనూరు వాళ్లు ఒక వారం ఆలస్యంగా వచ్చారు. అప్పటికి మచ్చ మానిపోయింది. ఆవణి మాసంలో, మన శ్రావణమప్పుడు, పెళ్లి జరిగింది. చిన్నత్త కాపురం బాగానే సాగింది. నలుగురు పిల్లలు. వాళ్ల అంగట్లో గల్లా దగ్గర కూర్చునేది, అందరితో గట్టిగా మాట్లాడేది. రేడియోలో వేణువు వస్తే కట్టేసేది కాదు, పెంచేదీ కాదు.

నేను పుదుచ్చేరికి తిరిగొచ్చాక ఒకసారి ఆమె ఇంటికి పోయాను. ఇద్దరమూ వెనక వసారాలో కూర్చుని చిన్న ఉల్లిపాయలు ఒలుస్తున్నాం. అన్నేళ్లు మోసిన మాట అప్పుడు చెప్పాను. "ఆ దినం టీచరమ్మ వాకిట్లో నేను 'కాదేమో' అన్నాను అత్తా."

"తెలుసు. మీ అమ్మ అప్పుడే చెప్పింది."

"కోపం రాలేదా?"

"వచ్చింది. రెండేండ్లు ఉండింది. తర్వాత పోయింది. నువ్వు చిన్నపిల్లవి." ఉల్లిపాయ తొక్క గాలికి ఊది, ఆమె మళ్లీ అంది. "ఆ పొద్దు నేను భయంతో ఊదలేకపోయినానని అందరూ అనుకున్యారు. అది కాదు మే. నాకు ఊదేదానికి వచ్చు. ఊదకూడదనే ఊదలా. మా నాయన పాట వినాలని అడగలేదు. దొంగను పట్టాలని అడిగినాడు. దానికి ఎందుకు ఊదాల? ఉత్త గాలి వదిలినాను."

చెబుతున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. ఉల్లిపాయల వల్ల ఇద్దరి కళ్లలోనూ నీళ్లే.

పోయిన వానాకాలంలో ఆమె పోయింది. అప్పటి నుంచి ఆ మాటను తిప్పి తిప్పి చూస్తున్నాను. ఆ దినం నేను జానెడు దూరంలో కూర్చున్నాను. ఆమె కింది పెదవి అదరడం చూశాను. వేణువు మీది వేళ్లు చెమటకు జారడం చూశాను. నలుగురిలో ఓడిపోయిన పిల్ల, తర్వాత ఎన్నో ఏళ్లకు తన కోసం తానే ఆ మాట అల్లుకుందేమోనని నాలో ఎవరో గొణుగుతూనే ఉన్నారు. గోటి మీద పాలబొట్టు చూసే మనిషి చేతిలో పెరిగినదాన్ని నేను. నా కళ్లు ఏది చూసినా ముందు అనుమానంగానే చూస్తాయి.

ఈ ఒక్క సంగతిలో మాత్రం ఆ కళ్లనే అనుమానిస్తున్నాను. చిన్నత్తకు ఊదడం వచ్చు. ఆమె ఊదలేదు.